ఊరి పేరు కావాలన్న పిళ్లై

కేరళ కాలువల మధ్య ఉన్న మా కుట్టనాడులో పడవ తిరగబడితే నీళ్లలో కనీసం ఇద్దరు పిళ్లైలు తేలతారు. వాళ్లలో ఒకడు రచయిత అయి ఉంటాడు. పుస్తకాలు రాసిన పిళ్లైని మేం పిళ్లై అనం, ఊరి పేరుతోనే పిలుస్తాం. రాయనివాడికి చేసే పనే పేరవుతుంది: పాల పిళ్లై, పోస్టు పిళ్లై.

మా కైతప్పురలో నీలకంఠ పిళ్లై దస్తావేజులు రాసేవాడు. అందరికీ దస్తావేజు పిళ్లై. నలభై ఏళ్లుగా రాస్తున్నా ఊరు తన పేరు ఇవ్వలేదన్నదే ఆయన దిగులు.

"నువ్వు రాసింది ఎవరైనా ఇష్టపడి చదివారా అన్నా?" అనేది గ్రంథాలయం చూసుకునే భార్గవి.

"చదవకుండానే వేలిముద్రలు వేశారమ్మా! ఏ రచయితకుంది అంత నమ్మకం?"

గ్రంథాలయం వార్షికోత్సవానికి ఒక పెద్ద రచయిత రావాలి. గుర్రపుడెక్కలో చిక్కుకుని ఆయన పడవ ఆగిపోయింది. జనం లేచిపోతుంటే భార్గవి పిళ్లైని వేదిక మీదికి నెట్టింది.

"మాట్లాడన్నా. ఇవాళ నిలబడ్డావంటే ఊరి పేరు నీదే."

పిళ్లై కాళ్లు ఎంత వణికాయంటే, వెనక గోడ మీది రచయితల పటాలన్నీ ఓ పక్కకి ఒరిగాయి. నేనే సరిచేశాను. చివరికి తనకు వచ్చిన ఒకే ఒక్క వచనం అందుకున్నాడు.

"ఔసేపు స్థలానికి తూర్పున కాలువ, దక్షిణాన రేవు మెట్లు, ఉత్తరాన కల్యాణియమ్మ పనసచెట్టు. కొమ్మ ఇవతలికి ఒరిగినా కాయ ఆమెదే..."

కల్యాణియమ్మ లేచి నిలబడింది. "విన్నావా ఔసేపూ? ఇన్నేళ్లూ నా కాయలు మింగావు కదరా!"

"తియ్యగా ఉన్నాయక్కా, ఏం చెయ్యను!"

"మా ఇల్లు చెప్పు మామా!" "మా నాన్న తవ్విన బావి చెప్పు!" అని నలువైపుల నుంచీ కేకలు. పిళ్లై కాగితం లేకుండా గట్లూ, బావులూ, వరదకు పోయిన చెట్లూ వరసగా చెప్పుకుపోయాడు. తండ్రి పేరు వినగానే బావివాళ్ల అబ్బాయి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. రచయిత బురద కాళ్లతో వచ్చి వెనక బెంచీలో కూర్చుంటే, ఎవరూ తల తిప్పలేదు.

భార్గవి మినిట్సు పుస్తకంలో "ఉపన్యాసం: కైతప్పుర" అని రాసింది. పిళ్లై ఆ ముక్క మూడుసార్లు చదువుకుని ఇంటికి పరుగెత్తాడు.

భార్య గోమతి అంతా విని, కొబ్బరి చిప్పలు ముందుకు తోసింది.

"చాలా సంతోషం కైతప్పురగారూ. ముందు ఈ రెండు చిప్పలూ కోరి పెట్టండి."

ఆ పేరుతో ఇంకోసారి పిలవమని, మూడో చిప్ప కూడా కోరి పెట్టాడట.