పాస్టరు గారి మాటలు టీవీకి పోయిన రోజు

మా పెళ్లి వీడియోలో అందరూ ఎందుకు ఆవలిస్తున్నారని చూసినవాళ్లంతా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఇదిగో, రాసి పెడుతున్నాను. తప్పంతా నాదే. సాయం చేసింది మాత్రం మా రూటరు.

బౌరంపేట్‌లోని మా కొత్త ఇంట్లోకి సెల్ సిగ్నల్ అడుగు పెట్టదు. నేనా, మేడ్చల్ లైబ్రరీలో నెట్‌వర్కుల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా నమిలినవాణ్ణి! ఇంటర్నెట్ ఫోను కొని రూటరుకు తగిలించాను. రూటరంటే గేటు దగ్గరి వాచ్‌మన్ అనుకోండి. బయటి నుంచి వచ్చే మాటను లోపల ఎవరికివ్వాలో మనమే చెప్పాలి. మా ఫోనుకు అది ఐదో నంబరు ఇచ్చింది. "మాటలన్నీ ఐదుకు పంపు" అని ఆజ్ఞ జారీ చేశాను. ఫోను మోగింది, మాట్లాడింది. అమ్మ ముందు కాలరెగరేశాను.

ఆ శనివారం పాస్టరు గారు ఫోన్ చేసి నా పెళ్లి తేదీ చెప్పాలి. పెళ్లి ఆయనే జరిపించాలని అమ్మాయి వాళ్ల పట్టు. పొద్దున కరెంటు పోయి వచ్చింది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"హలో! హలో!" అన్నాను. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. విసుగ్గా రిసీవరును బల్ల మీద పడేశాను. పెట్టేయలేదు, గమనించండి.

"పాస్టరు గారేమోరా," అంది అమ్మ.

"ఆయనైతే గింత సప్పుడు లేకుండ ఉంటడా అమ్మా? 'చివరగా ఒక్క మాట' అంటడు, గా మాట అయ్యేసరికి పొయ్యి మీద పప్పు మాడుతది. నా పెళ్లిల గట్లనే మొదలువెడితే బిర్యానీ సల్లారుతది, పెళ్లికూతురికి తెల్లెంట్రుకలొస్తయి!"

"నోర్ముయ్, పాపం తగుల్తది," అంటూనే అమ్మ కిసుక్కుమంది. "పోయిన క్రిస్మస్‌కైతే నేను కూసున్నకాడనే నిద్రపోయిన. ఆమెన్ అంటే ఉలిక్కిపడి లేసిన."

కాసేపటికి గేటు ముందు స్కూటరు ఆగింది. పాస్టరు గారు!

"దేవా!" అంది అమ్మ.

"దేవా!" అంది ఆయన చొక్కా జేబు. సెల్లు స్పీకరు మీద ఉంది. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది.

"ఏమయ్యా సామ్యేలూ, నీ మాటలన్నీ నాకు వినవడ్డయి. 'బిడ్డా, ఇగ ఆపు' అని నేను మొత్తుకున్నది నీకు వినవడలే."

పరుగెత్తి రూటరు సంగతి చూశాను. కరెంటు వచ్చాక మన వాచ్‌మన్ నంబర్లు మార్చేశాడు. ఐదు ఇప్పుడు టీవీది! ఫోను మోగడానికి, మా మాటలు బయటికి పోవడానికి ఆ నంబరుతో పని లేదు; పాస్టరు గారి మాటలు మాత్రం అన్నీ దానికి పోయాయి. అదేమో సీరియల్ చూపిస్తూ కూర్చుంది. నంబరు మారకుండా కట్టేయాలని పుస్తకంలో ఉంది. ఆ పేజీని "తెలిసిందేలే" అని తిప్పేశాను.

"అయ్యగారూ... మరి పెళ్లి?" ఈసారి రిసీవరు పెట్టేసి మరీ అడిగాను.

"నేను మాట్లాడుడు, నీకు వినవడకపోవుడు ప్రతి ఆదివారం ఉన్నదే గదా, ఇందుల కొత్తేముంది?" అని ఆయన నవ్వారు. "వచ్చే నెల రెండో శనివారం. పెళ్లి నేనే చేస్త. వాక్యం గూడ నేనే చెప్త."

చెప్పారు. పెళ్లి ప్రసంగం అంశం: నాలుకను అదుపులో ఉంచుకొనుట. "చివరగా ఒక్క మాట" అన్న ప్రతిసారీ నా వైపే చూశారు. బిర్యానీ సల్లారింది.

కాబట్టి, రిసీవరు పెట్టి, వైరు పీకి, టీవీ ఆపితే తప్ప ఏ దైవజనుని గురించీ నోరు విప్పనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పొయ్యి మళ్లీ వెలిగించిన వంట ఖాజా భాయికి, దగ్గి దగ్గి ప్రసంగం ముగింపజేసిన దానియేలు మామయ్యకు, తెల్లవెంట్రుకలు రాకముందే "ఒప్పుకుంటున్నాను" అన్న నా భార్య సుజాతకు కృతజ్ఞతలు. అన్నిటికంటే ముందు, ఆ రోజు పాస్టరు గారు నన్ను తిట్టిన తిట్లన్నీ విని, ఇప్పటిదాకా ఒక్కటీ బయటపెట్టని మా టీవీకి.