ఫ్యాను అడిగితే ర్యాంపు వచ్చింది

మా బడిలో మూడో తరగతి ఫ్యాను గాలి తక్కువ ఇస్తుంది, గోల ఎక్కువ చేస్తుంది. స్విచ్ వేయగానే ముందు ఒక మూలుగు, ఆ తర్వాత ఇనుప గొలుసును బండ మీద ఈడ్చినట్టు గరగర. ఆర్మూరు ఎండలో అదే మహాభాగ్యమని నేనూ పిల్లలూ ఏనాడో రాజీపడిపోయాం. రాజీపడనిది ఒక్క పాపే.

ఆ పాపకు మాటలు తక్కువ, చప్పుడంటే అసలు పడదు. ఫ్యాను తిరిగితే రెండు చెవులూ మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగేది. ఓర్చుకోలేనప్పుడు లేచి ఒక్క పరుగున గేటు దాటేది. గేటు బయట మార్కెట్ యార్డుకు పోయే పసుపు బస్తాల లారీలు. ఆమె వెనక చెప్పులు లేకుండా పరిగెత్తడం నా ఉద్యోగంలో భాగమైపోయింది. ఇలాంటి పిల్లల కోసం వారానికొకసారి వచ్చే ప్రత్యేక టీచరమ్మ ఆ పాపను కాసేపు గమనించి, "చప్పుడు తగ్గించుండ్రి మేడమ్, మంచిగ కూసుంటది" అని తేల్చేసింది. ఇంత చిన్న మందు ఉన్న జబ్బు ఉంటుందా అని నేను సంబరపడిపోయి హెడ్మాస్టరు గారి గదికి వెళ్లాను.

మా హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు. ఫోటో తీయని పని పనే కాదని ఆయన నమ్మకం, అంతే.

"ఫ్యాను బాగు చేయిస్తే ఫోటోల ఏం కనవడ్తది మేడమ్? అదీగాక ప్రత్యేక అవసరాల పిల్లల పద్దు కింద ఫ్యానుకు పైసలియ్యరు. ర్యాంపుకైతే ఇస్తరు."

"ర్యాంపెందుకు సార్? ఆ పిల్ల నడుస్తది కదా."

"నడుస్తదా?"

"ఉరుకుతది. మొన్న మీరు కూడా ఎనక ఉరికిండ్రు."

"అయినా ఉంటే మంచిదే గద. రేపు నడవలేని పిల్లలు రావచ్చు."

అది నిజమే. కానీ ఆ ర్యాంపు తరగతి గదుల వైపు పోలేదు. సరిగ్గా హెడ్మాస్టరు గది గుమ్మానికే పోయింది. అక్కడ వెలుతురు బాగుంటుందట. రేపు వచ్చే నడవలేని పిల్లలు ఆయన గదిలోనే చదువుకోవాలి కాబోలు.

సిమెంటు ఇంకా తడిగా ఉండగానే పాప మరోసారి గేటు దాటింది. లారీ డ్రైవరు బ్రేకు వేసి తిట్టిన తిట్లు బడంతా విన్నది. ఆ సాయంత్రమే హెడ్మాస్టరు పాప తల్లిని పిలిపించారు.

"ఇంకోపారి గేటు దాటిందంటే ఇంటి దగ్గరి చదువుల రాస్తనమ్మా. టీచరమ్మే వారానికోపారి మీ ఇంటికొస్తది. ఏమన్న అయితే నా నౌకరి వోతది."

తల్లి బీడీలు చేస్తుంది. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్లే. చదువు వారానికొక పూట, మిగతా రోజులన్నీ గోడలు చూస్తూ కూర్చోవడం. ఆ మాట ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది.

"ఇంట్లుంటే అది నన్నొక్కదాన్నే చూస్తది సారూ. నేనే లోకమనుకుంటది. జర నలుగురిల ఉండనియ్యుండ్రి," అని ఆయన్ను బతిమాలి, బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

అందుకని నాకు తోచిన పని నేను చేశాను. స్విచ్ బోర్డు గుమ్మం పక్కన ఎత్తులో ఉంటుంది. మా ఇంటి నుంచి ఒక పీట తెచ్చి దాని కింద వేశాను. రోజూ పాప చెయ్యి పట్టుకుని పీట ఎక్కించి, స్విచ్ మీద వేలు పెట్టించి, "చప్పుడైతే ఉరుకొద్దు. ఇది ఒత్తు" అని చెప్పేదాన్ని. పాప వేలు లాక్కునేది. మిగతా పిల్లలు మాత్రం ఇట్టే నేర్చుకున్నారు. పాప చేతులు చెవుల మీదికి పోతున్నాయంటే ఎవరో ఒకరు లేచి ఫ్యాను ఆపేసేవాళ్లు. అట్టలతో విసురుకుంటూ చెమటలు కక్కుతూ ఎక్కాలు చదివేవాళ్లు. ఒక్కడూ సణిగింది లేదు. పాప మాత్రం ఆ పీట వైపు కన్నెత్తి చూసేది కాదు.

ర్యాంపు ఆరింది. ఆరిన మర్నాడు పొద్దున వెళ్లేసరికి పచ్చగా మెరిసిపోతోంది. ఎదురింటి ముసలామె ఉడకబెట్టిన పసుపంతా దాని మీద ఆరబోసింది. మా వైపు పసుపు కాలంలో ఖాళీ సిమెంటు కనబడితే ఊరుకోవడమనేది ఉండదు. డాబాలు, రోడ్లు, వాకిళ్లు, ఏదైనా సరే.

"గిది ప్రత్యేక అవసరాలకు కట్టింది అవ్వా!" అని హెడ్మాస్టరు మొత్తుకున్నారు.

"నాది గూడ అవసరమే బిడ్డా, మబ్బు వట్టింది. జర వాలుగ కట్టిండ్రు, నీళ్లు గూడ నిలువయ్. సల్లగుండు," అని ఆమె దీవించింది. దీవించిన మనిషిని ఎలా తిట్టాలో హెడ్మాస్టరుకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

ప్రారంభోత్సవానికి పెద్ద ఆఫీసరు వచ్చిన రోజు కూడా పసుపు అక్కడే ఉంది. పొద్దున ఎత్తించారు, ఆయన కారు ఆలస్యమయ్యేసరికి ముసలామె మళ్లీ పోసింది. ఆఫీసరు రిబ్బను కత్తిరించి ఒక అడుగు వేయబోతే, "చెప్పులిడువు సారూ, లచ్చిమి!" అన్న కేక వినబడింది. ఆయన బుద్ధిగా చెప్పులు విడిచి అంచు వెంబడి గోడ పట్టుకుని ఎక్కారు.

ఫోటో కోసం ఎక్కడినుంచో చక్రాల కుర్చీ ఒకటి తెప్పించారు. అందులో పాపను కూర్చోబెట్టమని తల్లిని అడిగారు.

"నా బిడ్డకు కాళ్లు మంచిగున్నయ్ సారూ."

"ఒక్క ఫోటోకే అమ్మా."

"ఫోటోకైనా ఉన్నయ్ కాళ్లు."

చివరికి ఆ కుర్చీలో ఆఫీసరుకు కప్పిన శాలువా, బొకే కూర్చున్నాయి.

తర్వాత ఆయన మా తరగతికి వచ్చారు. సారు వెళ్లేదాకా ఎవరూ లేవకూడదని పిల్లలకు ముందే గట్టి ఆర్డరు. ఆయన నుదుటి మీద చెమట చూసి హెడ్మాస్టరు తన చేత్తోనే ఫ్యాను వేశారు. మూలుగు, ఆ వెంటనే గరగర.

పాప చేతులు చెవుల మీదికి పోయాయి. ఊగడం మొదలైంది. పక్కనున్న పిల్ల సగం లేచింది, హెడ్మాస్టరు కళ్లెర్రజేస్తే కూర్చుంది. ఆఫీసరు చేతిలో కాగితం మీంచి తలెత్తకుండా బాలల హక్కుల గురించి చెబుతున్నారు. నేను స్విచ్ వైపు ఒక అడుగు వేశానో లేదో పాప లేచింది. గుమ్మం వైపు పరుగు తీసింది. అయిపోయింది అనుకున్నాను. కిటికీ బయట తల్లి ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. హెడ్మాస్టరు నా వైపు చూసిన చూపులో, చెప్పలేదా అన్న మాట స్పష్టంగా ఉంది.

పాప గుమ్మం దగ్గర ఆగింది. కాలితో పీటను జరిపింది. ఎక్కింది. స్విచ్ ఒత్తింది. దిగి, వచ్చి, తన చోట్లో కూర్చుని పలక ముందుకు లాక్కుంది.

ఫ్యాను మూలుగుతూ ఆగింది. బయట ముసలామె పసుపు తిప్పుతున్న చప్పుడు గదిలోకి వినబడింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి బోర్డు వైపు తిరిగి, అప్పటికే రాసి ఉన్న అక్షరాల మీద మళ్లీ రాశాను.

"కరెంటు పోయిందా?" అన్నారు ఆఫీసరు చెమట తుడుచుకుంటూ.

"లేదు సార్. మా పిల్లలకు కరెంటు పొదుపు నేర్పుతున్నం," అన్నారు హెడ్మాస్టరు, కన్ను ఆర్పకుండా. ఆఫీసరు శభాష్ అన్నారు. ఇద్దరూ స్విచ్ బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగారు.

కారు కదిలాక తల్లి హెడ్మాస్టరు ముందుకొచ్చి నిలబడింది. కొంగు నడుముకు దోపుకుంది.

"గిప్పుడు చెప్పుండ్రి సారూ. నా బిడ్డ బడికి రావాల్నా, బడే నా ఇంటికి రావాల్నా?"

ఆయన ఫోనులో ఫోటోలు చూసుకుంటున్నవారల్లా తలెత్తారు. ఆమెను చూశారు, కిటికీలోంచి పాపను చూశారు. ఫోను జేబులో పెట్టుకున్నారు.

"రేపు జల్ది పంపమ్మా. ఒంటిపూట బడి గద," అన్నారు.

ఫ్యాను ఇప్పటికీ అలాగే ఉంది. మర్నాడు పాప వచ్చేసరికి ర్యాంపు నిండా పసుపే. పాప దాని చుట్టూ తిరిగి, మెట్లెక్కి, తరగతిలోకి వచ్చి కూర్చుంది.