పసుపు వేలిముద్రలు

మొన్న పాత పెట్టె సర్దుతుంటే అట్ట ఊడిన తెలుగు నవల ఒకటి దొరికింది. తెరవగానే పసుపు, ఇంగువ కలిసిన వాసన వచ్చింది. అది భిలాయి సెక్టర్ 7లో మా పక్కింటి రవణత్త చేతి వాసన.

విజయనగరం నుంచి ఎవరైనా తెస్తే తప్ప మా వీధికి తెలుగు పుస్తకం వచ్చేది కాదు. వచ్చిన పుస్తకం ఇంటికో వారం చొప్పున తిరిగేది. వారం కాగానే తరవాతి ఇంటికి ఇచ్చెయ్యాలి. చివరి ఇల్లు మాది.

ఆ నవల అమ్మకిస్తూ, "చాలా బావుంది వదినా" అని అత్త గోడ దగ్గరే కథ మొదలుపెట్టింది. తిరునాళ్లలో తప్పిపోయిన చెల్లెలి కోసం అక్క రైలెక్కిందని చెప్పి ఆపేసింది.

"తర్వాత ఏటయింది అత్తా?"

"ఏటయిందో పుస్తకంలో ఉంది. చదువుకోవే, హిందీ దొరసానీ!"

నాకు హిందీ చదవడమే వచ్చు. ఉడికించడానికే ఆపిందనుకుని, పౌరుషం కొద్దీ అమ్మ పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. వేసవి సెలవులన్నీ పట్టింది. అయిపోయిన రోజు గోడ దగ్గరికి పరుగెత్తాను.

అత్త స్టవ్ తగ్గించి వచ్చింది. "అయితే చెప్పు. చెల్లి దొరికిందా?"

"నీకు తెలుసు కదా!"

"నాకు తెలిస్తే సరా? నువ్వు చదివేవో లేదో చూడొద్దేటి?"

పరీక్ష పెడుతోందనుకుని ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పాను. చెల్లెలు అక్కను గుర్తుపట్టే చోట ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తెలిసిన కథకు ఏడుస్తుందేమిటని నవ్వాను.

ఇప్పుడు పేజీలు తిప్పి చూశాను. అంచుల వెంట పసుపు వేలిముద్రలు వరసగా ఉన్నాయి. అక్క రైలెక్కిన పేజీ తర్వాత ఒక్కటీ లేదు.