కిరీటి సైటు

బందరులో పెళ్లి ఫోటోలు తీసే బ్యూలా పొద్దున్నే పళ్లు తోముకుంటూనే గుడివాడలో అదే పని చేసే కిరీటి వెబ్‌సైటు తెరుస్తుంది. ఇద్దరూ ఒకే స్టూడియోలో పని నేర్చుకున్నారు. ఇప్పుడు వాడి పేరు ఎవరైనా ఎత్తితే చాలు, మెళ్లో కెమెరా లేకపోయినా ఆమె చెయ్యి దాని పట్టీ కోసం తడుముకుంటుంది. "కాంతితో కథలు చెప్పే చేతులు" అని వాడు తన గురించి పెట్టుకున్న మాట చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. వీడికింత భాష ఎప్పుడొచ్చింది?

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే తనకీ ఓ సైటు ఉండాలని ఏఐ ముందు కూర్చుని, తన ఫోటోలిచ్చి, పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి మంచి వెబ్‌సైటు కావాలని అడిగింది. కాఫీ చల్లారేలోపే సైటు వచ్చేసింది. కిరీటి సైటులో ఉన్న లేత గోధుమ రంగులే, పైన అదే వాక్యం: "కాంతితో కథలు చెప్పే చేతులు." బ్యూలా పగలబడి నవ్వింది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది మిషను రాసిచ్చిన ముక్కలు చూసి! ఆ హుషారులో రెండు సైట్లూ పక్కపక్కన పెట్టింది. ఇక తేడా అంతా ఫోటోల్లోనే. తన ఫోటోల్లో పెళ్లికూతుళ్లందరూ బుద్ధిగా కెమెరాకేసి చూస్తున్నారు. వాడి ఫోటోలో, మోపిదేవిలో జరిగిన పెళ్లిలో, తలంబ్రాలు కంట్లో పడిన పెళ్లికూతురు ఒక కన్ను మూసుకుని పకపకా నవ్వుతోంది. బ్యూలా నవ్వు ఆగిపోయింది. చాలాసేపు చూసి కిరీటికి ఫోన్ చేసింది.

"ఆ మోపిదేవి పిల్ల ఫోటో తీసేప్పుడు ఎక్కడ నిలబడ్డావురా?"

"ఎందుకక్కా?"

"కుళ్లుతో చస్తున్నాన్రా, చెప్పు."