రెండో ఏడు పూసిన అంటు జీడిమామిడి

ఇంటి వెనక నాలుగు గజాల జాగా ఉంది, జీడిమామిడి వేద్దామనుకుంటున్నాం, గింజ నాటమంటారా అంటు తెమ్మంటారా అని నన్ను అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను వ్యవసాయం చదువుకున్నదాన్ని కాదు, విశాఖపట్నంలో ఆఫీసు గుమాస్తాని. ఉద్దానంలో చుట్టాలున్న పాపానికి ఈ ప్రశ్నలన్నీ నా నెత్తిన పడుతున్నాయి. అందుకని పోయినేడాది, అంటే 2007 ఫిబ్రవరిలో, కవిటి వైపు వెళ్ళొచ్చిన సంగతి రాసేస్తే అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టు ఉంటుందనిపించింది. రాయడం మొదలుపెట్టాక గాని తెలియలేదు, ఇది మొక్కల గురించి ఒక్కటే రాయగలిగేది కాదని.

మా చిన్నాన్న కొడుకు కామేశుకి అప్పటికి ముప్పై ఆరేళ్ళు. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి విశాఖపట్నం వచ్చి, ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. జబ్బు మాట ఎత్తేవాడు కాదు. పెరట్లో తన చేత్తో కట్టిన జీడిమామిడి అంట్ల గురించే కబుర్లన్నీ. ఒకరోజు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈ ఏడు మల్లీ పూసినాయక్కా. ఒకపాలి వచ్చి సూసెల్లు. నా అంటుకి పిక్క పడితే సూడాలనుంది, అంతే" అన్నాడు. వాడు నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. ఆ ఆదివారమే బయల్దేరాను.

విశాఖ నుంచి పలాస ప్యాసింజర్ తెల్లవారుజామున ఉంటుంది. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది కాబట్టి తొందర ఉన్నవాళ్ళు ఎక్కకండి. హరిశ్చంద్రపురంలో ఎక్కిన ఆడవాళ్ళు కూరగాయల బుట్టలు నా కాళ్ళ మీదే పెట్టి, సర్దుకోమని నాకే చెప్పారు. పలాసలో దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కులో దూరుతుంది, కళ్ళు కొంచెం మండుతాయి కూడా. స్టేషన్ బయట ఇడ్లీ తిని సోంపేట బస్సెక్కాను. అక్కణ్ణించి కవిటి వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి, పది రూపాయలు.

"ఎవులింటికమ్మా?" అని ఆటో అతను అడిగాడు. కామేశు పేరు చెప్పాను.

"ఏ కామేశు? డయాలసిస్ కామేశన్నా?"

ఇంటిపేరుకి బదులు ఆ మాట విని నా ప్రాణం ఉసూరుమంది. అతనేమో మామూలుగానే, "మావూల్లో కామేశులు ముగ్గురున్నారు మరి, అలగడక్కపోతే తెల్దు" అని గేరు మార్చాడు. రెండు పక్కలా కొబ్బరితోటలు, ఎండ నేలమీద పడనంత దట్టంగా. అన్ని కొబ్బరికాయల మధ్య ఉంటూ మావాడు బొండాం ముట్టకూడదు, మంచినీళ్ళు కూడా కొలత ప్రకారమే తాగాలి.

చిన్నాన్న పెరట్లోకి తీసుకెళ్ళి ముందు తన చెట్లు చూపించాడు. ఆయనది తాతల నాటి పద్ధతి. బరువైన పిక్కలు ఏరి నీళ్ళ బకెట్లో వేస్తాడు. తేలినవి అవతల పారేసి, మునిగినవాటిని తొడిమ వైపు పైకి ఉండేలా గోతికి రెండేసి పెట్టి, చుట్టూ ముళ్ళకంప కడతాడు. "గింజ సెట్టుకి తల్లేరు కిందకి దిగిపోద్దమ్మా. తుపానొచ్చినా కదల్దు" అన్నాడు.

"అది కాపుకొచ్చీసరికి నాటినోడు ముసిలోడైపోతాడు" అన్నాడు కామేశు, అరుగు మీద నుంచి. కాళ్ళు వాచి ఉన్నాయి, మాటలో మాత్రం చలాకీతనం పోలేదు.

వాడిది కొత్త పద్ధతి. ఒక నర్సరీలో పది రోజులు శిక్షణకి వెళ్ళి నేర్చుకున్నాడు. గింజ మొక్కని సంచిలో పెంచుతారు. దాని తల కోసి, కాండం నడుమ కొంచెం చీల్చి, బాగా కాసే చెట్టు నుంచి తెచ్చిన లేత కొమ్మని అందులో దించి ప్లాస్టిక్ పట్టీతో చుడతారు. గింజ చెట్టు కాపుకి ఐదారేళ్ళు పడితే, ఇది మూడో ఏటికే కాస్తుంది, అదీ ఏ చెట్టు కొమ్మ పెడితే ఆ చెట్టు లాగానే కాస్తుంది. అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే చిగుళ్ళని మాత్రం ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలి. కామేశు మొదటిసారి ఆసుపత్రిలో పడ్డప్పుడు మొక్కల్ని చూసింది చిన్నాన్న. పచ్చగా ఎదిగేదాన్ని ఎవరైనా గిల్లుతారా అని ఆయన వాటిని ఉంచేశాడు. రెండు మొక్కలకి పైకొమ్మ ఎండిపోయి, కింది మొక్కే చెట్టయి కూర్చుంది. "ఆడి కొమ్మ పోయినా నా గింజ బతికింది" అని చాన్నాళ్ళు అందరికీ చెప్పి నవ్వేవాడట. ఇప్పుడు ఆ మాట అనడం లేదని కామేశు పెళ్ళాం వరలక్ష్మి నాతో వంటింట్లో చెప్పింది.

మిగిలిన నాలుగు అంట్లూ నా భుజం ఎత్తున ఉన్నాయి. ప్రతి కొమ్మ చివరా పూగుత్తులు, గులాబి గీతల చిన్న చిన్న పూలు. అంటు మొక్కకి మొదటి రెండేళ్ళూ పూత నిలవనివ్వకూడదని శిక్షణలో చెప్పారు, లేకపోతే ఎదుగుదల ఆగిపోతుందట. మొదటి ఏడు పూతని కామేశు మారు మాట్లాడకుండా తుంచేశాడు. ఇది రెండో ఏడు. రెండు వారాలుగా ఉంచాలా తుంచాలా అని కొట్టుమిట్టాడుతున్నాడు. నన్ను రమ్మన్నది అందుకే. భోజనాలయ్యాక మొక్కల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

చిన్నాన్నకి అర్థమైంది. అంట్లని వెక్కిరించిన మనిషే గబగబా వెళ్ళి కొడుక్కీ మొక్కకీ అడ్డంగా నిలబడ్డాడు. "ఒగ్గీరా. ఒక్క మొక్కకైనా పూత ఒగ్గీ. నువ్వు సూడొద్దేటి?"

"సూడాలనే ఉంది నాన్నా" అన్నాడు కామేశు. "కాని ఇప్పుడు కాత్తే సెట్టు గిడసబారిపోద్ది. రేపు వరలచ్చిమి దీనిమీదే బతకాల."

ఉంచమనడానికైనా తుంచమనడానికైనా నాకేం తెలుసు. వాడు తండ్రిని మెల్లిగా పక్కకి తప్పించి, ఒక్కొక్క గుత్తినే గోటితో తుంచాడు. మధ్యమధ్య ఆయాసం వస్తే ఆగాడు. వరలక్ష్మి కొంగు పట్టింది, పూత అందులో పడింది. చిన్నాన్న నూతి వైపు వెళ్ళిపోయి, మళ్ళీ నేను బయల్దేరేదాకా ఇటు రాలేదు. సాయంత్రం సోంపేటలో రైలెక్కి కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది.

ఏప్రిల్లో ఊరంతా పిక్కలు ఏరుకున్నారు. కామేశు మే నెలాఖరున పోయాడు.

వర్షాలు పడ్డాక నేనూ మా పెరట్లో రెండు అంట్లు వేద్దామని పలాస దగ్గర ఒక నర్సరీకి వెళ్ళాను. మొక్కలు సంచిలో సర్దుతూ అక్కడి పెద్దాయన, రెండేళ్ళు పూత తుంచమని జాగ్రత్తలు చెప్పాడు. "ఒక్క గుత్తి ఉంచితే చెట్టు పాడైపోతుందా?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "ఒక్కదానికేటవుతాదమ్మా, అంతా ఒగ్గీకూడదు గాని. ముచ్చటకి ఒకటుంచుకుంటారు అందరూ."

ఈ సంగతి చిన్నాన్నకి చెప్పలేదు, వరలక్ష్మికి అసలే చెప్పను. ఈ ఏడు ఆ నాలుగు చెట్లూ విరగకాశాయి. పిక్కలు అమ్మిన డబ్బుతో ఆ పిల్ల ఇంటి కప్పు బాగుచేయించుకుంది. అంటే వాడి లెక్క తప్పలేదు. అయినా నాకు మనసు కుదుటపడటం లేదు. కొత్త పద్ధతి నేర్పినవాళ్ళు ఏం చెయ్యకూడదో చెప్పారు, ఎంతవరకు చేస్తే పరవాలేదో చెప్పలేదు. మావాడేమో, చెప్పింది చెప్పినట్టు వినే రకం.

ఇక మీరడిగిన దానికి జవాబు. పెరట్లో ఒకటి రెండు చెట్లకైతే అంటు మొక్కే తెచ్చుకోండి, తొలకరికి నాటండి, అతుకు కింద చిగుళ్ళు గిల్లెయ్యండి, రెండేళ్ళు పూత తుంచండి. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే మాత్రం ఒక్క గుత్తి ఉంచండి.