పిన్ని తీసుకున్న ఆదివారం

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఎంత తెలుస్తుందో, మళ్ళీ జీవితంలో ఎప్పుడూ అంత తెలియదు. రాజమండ్రిలో పీజీ చదివే ఆ రోజుల్లో సమాజం గురించి నాకు అర్థం కానిదంటూ ఏమీ ఉండేది కాదు. నేనూ నా రూమ్మేటూ ఓ మేడమీద వాటా అద్దెకు తీసుకుని, ప్రతి ఆదివారం పొద్దున అక్కడ తత్వశాస్త్ర చర్చలు పెట్టేవాళ్ళం. మా వాట్సాప్ గ్రూపు పేరు 'ప్రశ్న'. దేన్నీ ప్రశ్నించకుండా ఒప్పుకోకూడదన్నది మా ఏకైక నియమం (ఆ నియమాన్ని మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు). రూమ్మేటుని అందరూ 'నిర్వచనం' అనేవారు. "ఆకలేస్తోందే" అంటే, "ఆకలంటే నీ ఉద్దేశం ఏంటి?" అని అడిగే రకం.

మా గిన్నెలు తోమి, గదులు ఊడ్చే ఆవిడని పిన్నీ అని పిలిచేవాళ్ళం. పనిమనిషి అనే మాటలో చిన్నచూపు ఉందని ఓ సాయంత్రమంతా చర్చించి, ఆ మాట మానేశాం. పని మాత్రం అలాగే ఉంది. ఆదివారాలైతే వచ్చినవాళ్ళందరి టీ కప్పులూ అదనం.

ఓ ఆదివారం నా ప్రసంగం. అంశం, కంటికి కనపడని శ్రమ. "మనకోసం ఎవరు పనిచేస్తున్నారో ఒక్కసారైనా తలెత్తి చూస్తున్నామా?" అని చెయ్యి ఊపుతూ అడుగుతుండగా పిన్ని చీపురుతో వచ్చి, "కాస్త పక్కకి జరగండమ్మా" అంది. జరిగాను. జరిగి, ప్రసంగం కొనసాగించాను.

అందరూ వెళ్ళాక పిన్ని చీపురు మూలన పెట్టి మా ముందుకొచ్చింది. "మీరు చెప్పింది విన్నానమ్మా, బాగుంది. నాకు ఆదివారం సెలవు కావాలండి. ఆరిళ్ళు చేస్తున్నాను. ఐదిళ్ళవాళ్ళు సరే అనేశారు. మీదొక్కటే మిగిలింది."

సరే అంటే అయిపోయేది. కానీ వచ్చే ఆదివారం కాకినాడ నుంచి ఓ లెక్చరరుగారు మా చర్చకి వస్తున్నారు. నా కళ్ళముందు కప్పులే కనపడ్డాయి. "తప్పకుండా పిన్నీ... సూత్రప్రాయంగా..." అని నసుగుతుంటే నిర్వచనం అందుకుంది.

"ఆగవే. అసలు సెలవు మనం ఇవ్వడం ఏంటి? ఇవ్వడం అన్న మాటలోనే అధికారం ఉంది కదా. మనం ఇచ్చామంటే ఆవిడ్ని ఇంకా తక్కువ చేసినట్టే!"

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇద్దరం అరగంట వాదించుకున్నాం. పిన్ని నిలబడే ఉంది (కూర్చోమనాలని ఇద్దరికీ తోచలేదు). చివరికి ఆవిడే ఎంతో మర్యాదగా, "అయితే మీరు ఇవ్వకండమ్మా. నేనే తీసుకుంటాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

అన్నట్టే మరుసటి ఆదివారం రాలేదు. రాత్రి గిన్నెలు ఎక్కడివక్కడే, కప్పులు కూడా నిన్నటి ఎంగిలివే. లెక్చరరుగారికి పెరుగు గిన్నెలో టీ ఇచ్చాం. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "పర్వాలేదండి, చల్లారుతుంది" అన్నారు. ఆ తర్వాత సింకు ముందు నిలబడి గంటన్నర తోమాను. వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. అప్పటిదాకా నేను మాట్లాడిన మాటలన్నీ తలుచుకుంటే, ఒంటరిగా ఉన్నా సిగ్గేసింది.

మధ్యాహ్నం గోదావరి గట్టు పక్కనున్న పిన్ని ఇంటికి బయల్దేరాను. క్షమాపణ చెప్పాలని. దారంతా దాన్ని కూడా ఓ ప్రసంగంలాగే తయారుచేసుకున్నాను. వెళ్ళేసరికి ఆవిడ తలంటు పోసుకుని, తడిజుట్టు మంచం మీంచి కిందికి వదిలేసి, ఫ్యాను కింద హాయిగా నిద్రపోతోంది.

వాళ్ళమ్మాయి గుమ్మంలోకొచ్చి, "లేపమంటారా అండి?" అని గొంతు తగ్గించి అడిగింది.

"వద్దమ్మా, ఊరికే వచ్చాను" అన్నాను.

ఇప్పుడు నేనూ లెక్చరర్నే. ఆ రోజుల్లోని నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. లోకాన్నంతా మేలుకొలపాలని బయల్దేరిన ఆ పిల్ల చేసినవాటిలో నాకు ఇప్పటికీ నచ్చేది ఒక్కటే. ఆ మధ్యాహ్నం ఓ మనిషిని నిద్రపోనిచ్చి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది.