లేని కుక్కను ఏడాది పెంచిన మా బావ

రేపల్లె నుంచి కబురు వచ్చేసరికి నేను తెనాలిలో మా ఆఫీసులో ఉన్నాను. మా అక్క భర్త దేవదానం మాస్టారు పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలోనే వాలిపోయారట. మళ్లీ లేవలేదట. మొన్నమొన్ననే మా ఇంటికి వచ్చి, నా కొత్త సైకిలుకు ఏడాదికి ఎన్ని పంక్చర్లు పడతాయో అంచనా వేసి వెళ్లిన మనిషి. నమ్మడానికి చాలాసేపు పట్టింది.

సమాధి దగ్గర నా వెనక ఇద్దరు మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"మంచి మాస్టారండి, ఆ కుక్క సంగతి ఒక్కటీ లేకపోతే."

"అవునండి. ముసలిదైతే మాత్రం సముద్రం ఒడ్డున వదిలేసి వస్తారా?"

ఆ మాట ఊళ్లో పుట్టించింది నేను. అది నిజం కాదు. ఈ వ్యాసం రాయడం అందుకే.

చాలా ఏళ్ల కిందట, రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో ఒక రైతు దగ్గర వేటకుక్క పిల్లలు పెట్టింది. నడుము ఎత్తు పెరిగే జాతి. బావకు చిన్నప్పటి నుంచీ అలాంటి కుక్క మీద మోజు. ఒక పిల్లను తీసుకెళ్లమంటే, మళ్లీ పిల్లలు పెట్టినప్పుడు తీసుకుంటానన్నారు.

"ఊరికే ఇస్తానంటే ఏడాది గడువేంటండీ మాస్టారూ?" అని ఆ రైతు నవ్వాడు.

"మీరు ఊరికే ఇస్తారండీ. అది ఊరికే బతకదుగా," అన్నారు బావ.

మర్నాటి నుంచి కుక్కను పెంచడం మొదలుపెట్టారు, కుక్క లేకుండానే. రోజూ సాయంత్రం నూకల జావ కాచి, ఎముకల పులుసు కలిపి వీధికుక్కలకు పోసేవారు. గొలుసుకు, పశువుల డాక్టరుకు, మందులకు నెలనెలా డబ్బు విడిగా తీసి ఉంచేవారు. ఇంటి ఖర్చు జోలికి పోలేదు. సిగరెట్లు మానేశారు. తెనాలి వచ్చి సినిమా చూడటం మానేశారు. కొత్త చొక్కాలు కుట్టించకుండా, పాతవాటికే కాలరు తిప్పి కుట్టించుకున్నారు. అది పిచ్చా, లెక్కా అన్నది నాకు అంతుపట్టలేదు. ఒకరోజు పొద్దున్నే కాలవగట్టు మీద ఒంటరిగా గబగబా నడుస్తూ కనిపించారు.

"ఏంటి బావా, ఎక్కడికి?"

"కుక్కని తిప్పుతున్నాను."

"కుక్కేదీ?"

"వచ్చే ఏడు వస్తుంది. ఈలోగా నా కాళ్లకి అలవాటు కావద్దూ?"

"మరి మొరిగేది కూడా నువ్వేనా?"

"దానికి నువ్వున్నావుగా!"

అన్నిటికంటే దేనికి ఎక్కువ ఖర్చవుతుందని అడిగాను. తిండికి అంటారనుకున్నాను. "పిల్లప్పటి ఖర్చు అందరికీ కనబడుతుంది రా. అది పరుగెత్తలేని రోజున అయ్యే ఖర్చు ముందు చూసుకోవాలి," అన్నారు. ఇంకా పుట్టని కుక్క ముసలితనానికి డబ్బు దాచిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

చివరికి కుక్క వచ్చింది. దొర అని పేరు పెట్టారు. కాలవగట్టు మీద వాళ్లిద్దరూ నడుస్తుంటే జనం పనులాపి చూసేవారు.

ఏళ్లు గడిచి దొర ముసలిదైంది. వెనక కాళ్లు పట్టు తప్పాయి. ఒకసారి పని మీద బాపట్ల వెళ్లినప్పుడు, బావ దాన్ని రెండు చేతులా ఎత్తి, సముద్రం ఒడ్డున ఉన్న వాడరేవుకు తిరిగి వెళ్లే చేపల లారీలో ఎక్కించడం దూరం నుంచి చూశాను. పలకరించలేదు. తర్వాత రేపల్లె వెళితే ఇంట్లో కుక్క లేదు. ఆదివారం చర్చిలో బావ లేరు. పై ఆదివారమూ లేరు.

"దాన్ని ఇసకలో వదిలేసి, దేవుడికి మొహం చూపించలేకపోతున్నాడు," అన్నాను. లేని కుక్కకు జావ కాచిన మనిషే ఉన్న కుక్కను వదిలేశాడంటే వినేవాళ్లకు భలే రుచిగా ఉండేది. తెనాలిలో చెప్పాను, రేపల్లెలో చెప్పాను. బడి పిల్లలు ఆయన వెనక మొరగడం మొదలుపెట్టారు. బావ ఎవరికీ జవాబు చెప్పలేదు.

సమాధి కార్యక్రమం అయి అందరూ వెళ్లాక, దొరను అలా ఎందుకు వదిలేశారని అక్కను అడిగాను.

"వదిలేయడమేంట్రా? గచ్చు మీద జారి పడుతోంది, మెత్తటి ఇసకలో ఉంచమని బాపట్లలో పశువుల డాక్టరు గారు చెప్పారు. మీ బావ వాడరేవులో ఒక పాక అద్దెకి తీసుకుని, పక్కనున్న చేపలోళ్లకి డబ్బిచ్చి చూడమన్నారు. శనివారం బడి అవగానే వెళ్లి, ఆదివారమంతా దాని దగ్గరే ఉండి వచ్చేవారు. అది పోయిందాకా అంతే."

"ఆ ముక్క ఎవరికీ చెప్పలేదేం?"

"ఆరాధన మానేసి కుక్క పక్కన కూర్చుంటున్నానని సంఘంలో ఎట్లా చెబుతారు? నన్నూ చెప్పొద్దన్నారు. ఆ రోజు లారీ దగ్గర నువ్వు పిలిచి అడిగుంటే నీకు చెప్పేవారేమో. నువ్వు అడగలేదుగా."

ఆ సాయంత్రమే పాస్టరు గారి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. "మాస్టారు నన్ను అడిగుంటే వద్దనే అనేవాణ్ణండి. అది ఆయనకి తెలుసు," అన్నారు.

దొరకు కావలసినదంతా బావ ముందే లెక్క వేసుకున్నారు. ఊరి మాట పడవలసి వస్తుందని మాత్రం ఆ లెక్కలో లేదు. అది నేను తెచ్చిపెట్టిన ఖర్చు. నా మాట నమ్మినవారందరూ దాన్ని మరచిపోవాలని కోరుతున్నాను. అలాంటి మనిషి మా కుటుంబంలో మళ్లీ పుట్టరు. పిల్లలు వెనక మొరుగుతున్నా, సంఘం గుసగుసలాడుతున్నా, ఆయన దొరకు ఒక్క ఆదివారం కూడా తగ్గనివ్వలేదు.